జర్మన్ ఫైటర్ల చరిత్రలో ఏ మలుపు మార్చాలి? ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవారికి ఒక పోలిక

రెండో ప్రపంచ యుద్ధం మీద ‘ఇలా జరిగి ఉంటే?’ అని కథ రాయాలనుకునేవాళ్లు, వార్‌గేమ్ కోసం కొత్త సినారియో తయారు చేసుకునేవాళ్లు చాలామంది జర్మన్ ఫైటర్ విమానాల దగ్గరికే వస్తారు. ఎందుకో అర్థం చేసుకోవచ్చు. 1935లో జర్మన్ ఫైటర్ దళం చేతిలో ఉన్నది హైంకెల్ 51 అనే బైప్లేన్, అంటే ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలున్న విమానం. తొమ్మిదేళ్లు తిరిగేసరికి అదే దళం జెట్ ఫైటర్ నడిపింది. ఈ మధ్యలో మంచి డిజైన్లు ఎన్నో పక్కన పడిపోయాయి. ఒక్కోదాని వెనక ఒక సమావేశం, ఒక సంతకం, ఒక అధికారి పట్టుదల కనిపిస్తాయి. ఆ సంతకం ఇంకోలా పడి ఉంటే ఏమయ్యేదని ఊహించడం చాలా తేలిక.

అలా ఊహించి రాసిన కథల్లో ఎక్కువ భాగం ఒకే చోట కూలిపోతాయి. రచయిత విమానాన్ని మారుస్తాడు గానీ దాని ఇంజిన్ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడు. జర్మనీలో కొత్త విమానం బొమ్మ గీయడానికి కొన్ని నెలలు చాలేవి. నమ్మదగిన కొత్త ఇంజిన్ తయారీకి మాత్రం ఏళ్లు పట్టేది. తయారైన ప్రతి ఇంజిన్ కోసం నాలుగు ఫ్యాక్టరీలు పోటీ పడేవి. అందుకే మీరు ఏ మలుపు ఎంచుకున్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఆ ఏడాది, ఆ నెలలో ఆ విమానానికి ఇంజిన్ దొరుకుతుందా? దొరికితే ఎవరి వాటా నుంచి తీసి ఇవ్వాలి? ఆ తర్వాతే మిగతావి: ఆ నిర్ణయం నిజంగా అటూ ఇటూ ఊగిందా, శత్రువు దానికి ఏం బదులు చెబుతాడు, పెట్రోలు, పైలట్లు సరిపోతారా అన్నవి.

అందరూ ముందు ఎంచుకునే జెట్

‘మెసర్‌ష్మిట్ 262ను బాంబర్‌గా మార్చమని హిట్లర్ పట్టుబట్టకపోయి ఉంటే, 1943లోనే జెట్ ఫైటర్లు ఆకాశాన్ని ఏలేవి.’ ఎక్కువమంది ఎంచుకునే మలుపు ఇదే. నేను మాత్రం దీన్ని సిఫారసు చేయను.

జరిగింది ఒకసారి చూడండి. 1942 జులై 18న లైప్‌హైమ్‌లో టెస్ట్ పైలట్ ఫ్రిట్స్ వెండెల్ ఈ విమానాన్ని పూర్తిగా జెట్ ఇంజిన్ల మీదే ఎగరేశాడు. 1943 మే 22న జర్మన్ ఫైటర్ దళం అధిపతి అడాల్ఫ్ గాలాండ్ నడిపి చూసి ముగ్ధుడైపోయాడు. నవంబర్ 26న ఇన్‌స్టర్‌బుర్గ్ ప్రదర్శనలో హిట్లర్ ఇది బాంబులు మోయగలదా అని అడిగాడు. మోస్తుందని విల్లీ మెసర్‌ష్మిట్ జవాబిచ్చాడు. తీరా 1944 మేలో, విమానాలు ఫైటర్లుగానే తయారవుతున్నాయని తెలిసి హిట్లర్ మండిపడ్డాడు. నాటకీయత బాగా ఉంది కాబట్టి కథకులు ఇక్కడే ఆగిపోతారు.

అసలు ఆలస్యానికి కారణం యుంకర్స్ కంపెనీ యూమో 004 ఇంజిన్. 1942లో ఎగిరిన మొదటి నమూనాలో నికెల్, క్రోమియం లాంటి లోహాలు ధారాళంగా వాడారు. ఆ ఇంజిన్లను వేల సంఖ్యలో తయారు చేయడానికి సరిపడా ఆ లోహాలు జర్మనీ దగ్గర లేవు. దాంతో ఆన్సెల్మ్ ఫ్రాంజ్ బృందం మొత్తం ఇంజిన్‌ను తక్కువ ఖరీదు లోహాలతో మళ్లీ డిజైన్ చేసింది. మండే గదులకు అల్యూమినియం పూత పూసిన మామూలు ఉక్కు రేకు పెట్టారు. టర్బైన్ బ్లేడ్లను డొల్లగా చేసి, లోపలి నుంచి గాలి పంపి చల్లబరిచే ఏర్పాటు చేశారు. ఇంత కొరతలో ఇంత మంచి పరిష్కారం కనిపెట్టడం గొప్ప ఇంజినీరింగే. అయినా ఆ ఇంజిన్ ఆయుష్షు పాతిక గంటలకు మించేది కాదు, చాలాసార్లు అంతకూడా నిలిచేది కాదు. థ్రాటిల్ కాస్త తొందరగా తోస్తే ఆరిపోయేది. అది భారీగా ఉత్పత్తి అయ్యే స్థితికి వచ్చింది 1944 మధ్యలో. హిట్లర్ నోరు విప్పకపోయినా మీ కథకు కలిసొచ్చేది కొన్ని వారాలు, మహా అయితే కొద్ది నెలలు.

శత్రువు వైపు కూడా చూడాలి. 1944 జులైలోనే బ్రిటన్ 616 స్క్వాడ్రన్ గ్లోస్టర్ మీటియర్ జెట్లతో సేవలోకి దిగింది. జర్మన్ జెట్లు ముందే కనిపిస్తే మిత్రరాజ్యాలూ తమ జెట్లను తొందరపెడతాయి. ఆకాశంలో 262ను పట్టుకోలేని అమెరికన్ మస్టాంగ్ ఫైటర్ల పైలట్లు అది దిగే విమానాశ్రయాల చుట్టూ కాపు కాశారు. దిగేటప్పుడు దాని వేగం తగ్గుతుంది, ఇంజిన్ వెంటనే పుంజుకోదు. 1944 నవంబర్ 8న వాల్టర్ నోవోట్నీ అంతటి పైలట్ కూడా 262తోపాటే ప్రాణాలు కోల్పోయాడు.

ఈ విమానం గురించి రాసేవారు తప్పించుకోకూడని విషయం ఇంకొకటి ఉంది. 262 బాడీలు ఆస్ట్రియాలో సాంక్ట్ గేఓర్గెన్ దగ్గర, మౌట్‌హౌజెన్ నాజీ నిర్బంధ శిబిరానికి అనుబంధమైన గూజెన్ శిబిరం ఖైదీలు తవ్విన సొరంగాల్లో తయారయ్యాయి. దాని ఇంజిన్లు నోర్డ్‌హౌజెన్ కొండ సొరంగాల్లో కూడా తయారయ్యాయి. అక్కడ వేలమంది ఆకలితో, దెబ్బలతో, పనిభారంతో చనిపోయారు. ‘ఇంకో వెయ్యి జెట్లు ముందే తయారయ్యాయి’ అని మీరు ఒక్క వాక్యం రాస్తే, ఆ వెయ్యి జెట్లూ ఎవరి చేతులతో తయారయ్యాయో కూడా మీ కథలో కనిపించాలి. నిర్ణయాలు తీసుకున్న గదుల్లోనే కథ తిరుగుతూ ఉంటే ఈ భాగం తెలియకుండానే జారిపోతుంది. అలా జారనివ్వకండి.

హైంకెల్ 280: ఓడిపోయినవాడి కథ కావాలంటే

జెట్టే కావాలనుకుంటే 262 కన్నా హైంకెల్ 280 మంచి ఎంపిక. ప్రపంచంలో తొలి జెట్ విమానం హైంకెల్ 178. 1939 ఆగస్టు 27న ఎరిష్ వార్సిట్స్ దాన్ని ఎగరేశాడు, ఇంజిన్ హాన్స్ ఫాన్ ఓహైన్‌ది. ఆ ఊపులో ఎర్న్‌స్ట్ హైంకెల్ ఎవరూ అడగకుండానే జెట్ ఫైటర్ మొదలుపెట్టాడు. 280 సొంత ఇంజిన్లతో 1941 మార్చి 30న ఎగిరింది. 262 జెట్ల మీద ఎగరడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. ప్రమాదంలో ఎజెక్షన్ సీటుతో బయటపడిన తొలి పైలట్ హెల్ముట్ షెంక్ దూకింది కూడా ఈ విమానం నుంచే.

1941 ఏప్రిల్‌లో విమాన మంత్రిత్వ శాఖ సాంకేతిక అధిపతి ఎర్న్‌స్ట్ ఉడెట్ ముందు దీన్ని ప్రదర్శించారు. ఆయన ఉత్సాహం చూపి, డబ్బూ మనుషులూ ఇచ్చి ఉంటే? ఇది ఊహించదగిన మలుపే. కానీ ఇక్కడా ఇంజినే అడ్డం. హైంకెల్ సొంత ఇంజిన్ అనుకున్న థ్రస్ట్ (విమానాన్ని ముందుకు తోసే బలం) ఎప్పుడూ ఇవ్వలేదు. బదులుగా యూమో 004 పెడదామంటే ఆ చిన్న విమానానికి అది మరీ బరువు. ఇంధన ట్యాంకు చిన్నది, ఎక్కువ దూరం పోలేదు. 1943 మార్చి 27న, ఉడెట్ తర్వాత ఆ బాధ్యత చేపట్టిన ఎర్‌హార్డ్ మిల్హ్ ప్రాజెక్టు ఆపేశాడు. ఆ రోజుకు ఆ నిర్ణయం తప్పని నేను అనుకోను.

అందుకే యుద్ధం గెలిపించే కథకు 280 పనికిరాదు. అందరికన్నా ముందు ఒక పని మొదలుపెట్టి, చివరికి మిగతావాళ్ల వెనక నిలబడిన మనుషుల కథకు మాత్రం ఇంతకన్నా మంచి నేపథ్యం దొరకదు.

109కు బదులు 112, లేదా 100

ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 1936 పోటీలో చివరికి మిగిలిన రెండూ మెసర్‌ష్మిట్ 109, హైంకెల్ 112. రెండింటి తొలి నమూనాలూ బ్రిటిష్ రోల్స్-రాయిస్ కెస్ట్రెల్ ఇంజిన్‌తోనే ఎగిరాయి. 112 చక్రాలు ఎడంగా ఉండేవి, 109 చక్రాలు దగ్గరదగ్గరగా ఉండేవి. నేల మీద పల్టీ కొట్టి పాడైన 109లు యుద్ధమంతా వస్తూనే ఉన్నాయి. ఆ ఒక్క కారణంతోనే కొంతమంది 112ను ఎంచుకుంటారు. కానీ 109 తేలికైనది, తయారీ సులువు, దాదాపు 34 వేలు తయారయ్యాయి. ఎక్కువ పనివేళలు పట్టే 112తో ఆ సంఖ్య అందుకోవడం కష్టం. పైగా ఇంజిన్ అదే కాబట్టి యుద్ధం నడక పెద్దగా మారదు. చిన్న కథకు, ఒకే స్క్వాడ్రన్ చుట్టూ తిరిగే కథకు ఇది చాలు.

హైంకెల్ 100ది మరో రకం ఆకర్షణ. 1939 మార్చి 30న హాన్స్ డీటర్లే దానిమీద గంటకు 746.6 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పాడు. నాలుగు వారాలైనా గడవకముందే మెసర్‌ష్మిట్ 209తో వెండెల్ దాన్ని బద్దలు కొట్టాడు. 100 వేగానికి ఒక కారణం దాని చల్లబరిచే పద్ధతి: వేడెక్కిన నీటి ఆవిరిని రెక్కల చర్మం కిందే తిప్పి చల్లార్చేవారు. యుద్ధంలో ఆ రెక్కకు ఎక్కడ తూటా తగిలినా ఇంజిన్‌కు ప్రమాదమే. తర్వాతి నమూనాల్లో మామూలు రేడియేటర్‌కు మారారు, కానీ డైమ్లర్-బెంజ్ 601 ఇంజిన్లు అప్పటికే 109కు, జంట ఇంజిన్ల 110కు కేటాయించేశారు. ఇచ్చిన ప్రతి ఇంజిన్ ఒక 109ను ఆపుతుంది. 1940లో ఆ సాహసం ఏ మంత్రిత్వ శాఖా చేయదు.

కుర్ట్ టాంక్ అడిగిన ఇంజిన్

1943లో అమెరికన్ బి-17 బాంబర్లు ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తున వచ్చేవి. ఫోకె-వుల్ఫ్ 190లోని బీఎండబ్ల్యూ 801 ఇంజిన్‌కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఊపిరి ఆడేది కాదు. డిజైనర్ కుర్ట్ టాంక్‌కు ఇది ముందే తెలుసు. డైమ్లర్-బెంజ్ 603 ఇంజిన్‌తో 190కి కొత్త రూపం ఇచ్చి నమూనాలు ఎగరేశాడు. అది ఉత్పత్తిలోకి రాలేదు. యూమో 213 ఇంజిన్‌తో పొడవు ముక్కు 190డీ వచ్చేసరికి 1944 శరదృతువు. ఇంకా ఎత్తుకు పోగల టాంక్ 152 కొన్ని డజన్లు మాత్రమే తయారయ్యాయి. అద్భుతమైన విమానమే గానీ 1945 జనవరికి దాన్ని ఎంచుకుని మీరు మార్చగలిగేదేమీ ఉండదు.

603తో 190 అనే మలుపు నాకు బాగా ఇష్టం, ఎందుకంటే ఇక్కడ ఇంజిన్ల లెక్క కుదురుతుంది. అదే 603ను మెసర్‌ష్మిట్ 410లో రెండేసి పెట్టారు. డ్రాయింగ్ బోర్డు మీద ఉండగానే వెయ్యి ఆర్డర్ చేసి, తీరా ఘోరంగా విఫలమైన 210కి మరమ్మతు రూపమే ఈ 410. పగటి ఆకాశంలో మస్టాంగ్‌లు కనిపించాక అది నిలబడలేకపోయింది. మీ కథలో 1942లో మిల్హ్ ఆ వరుసను పూర్తిగా ఆపేసి ఇంజిన్లన్నీ టాంక్‌కు ఇస్తాడు. ఒక్క 410 ఆగితే రెండు 190లు వస్తాయి. నమ్మదగిన నిర్ణయం, నమ్మదగిన తేదీ. 603 తొలినాళ్లలో ఇచ్చిన ఇబ్బందులను కూడా కథలో పెట్టండి, నిజాయితీగా ఉంటుంది.

టాంక్ పేరు మనకు పరాయిది కాదు. యుద్ధం తర్వాత అర్జెంటీనా వెళ్లి, అక్కడి నుంచి 1956లో ఇండియా వచ్చి, బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో హెచ్ఎఫ్-24 మారుత్ డిజైన్ చేసింది ఆయనే. 1961 జూన్ 17న అది తొలిసారి ఎగిరింది. ధ్వనికి రెట్టింపు వేగం కోసం గీసిన బాడీ అది. తగిన ఇంజిన్ ఎప్పటికీ రాక, చిన్న ఆర్ఫియస్ ఇంజిన్లతోనే సర్దుకుంది. ఒకే మనిషికి రెండు దేశాల్లో ఒకే లోటు ఎదురైంది. జర్మన్ ఫైటర్లతో పెద్ద పరిచయం లేని తెలుగు పాఠకుడికి ఇంజిన్ సంగతి అర్థం చేయించాలంటే మారుత్ నుంచి మొదలుపెట్టడం మంచి దారి.

విమానం మార్చకుండా యుద్ధం మార్చాలంటే

అన్నిటికన్నా బలమైన మలుపు అసలు విమానాలది కాదు, పైలట్లది. 1942 చివర్లో స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న సైన్యానికి సరుకులు మోయడానికి శిక్షణ బడుల నుంచి యుంకర్స్ 52 రవాణా విమానాలను, వాటితోపాటు శిక్షకులను లాగేశారు. ఆ శిక్షకుల్లో చాలామంది తిరిగి రాలేదు. ఆ తర్వాత కొత్త పైలట్ల శిక్షణ గంటలు తగ్గుతూ వచ్చాయి. 1944కు వచ్చేసరికి అమెరికన్ కుర్రాళ్లు పొందే శిక్షణలో సగం కూడా లేకుండా జర్మన్ కుర్రాళ్లు యుద్ధంలోకి దిగారు. ఆ ఏడాది జనవరి-ఏప్రిల్ మధ్యనే పగటి ఫైటర్ దళం వెయ్యి మందికి పైగా పైలట్లను పోగొట్టుకుందని గాలాండ్ నివేదించాడు. ఇంకోవైపు ఫ్యాక్టరీలు రికార్డులు కొడుతున్నాయి: 1940లో పది వేల పైచిలుకు ఉన్న మొత్తం విమానాల ఉత్పత్తి 1944లో నలభై వేల దగ్గరికి చేరింది. విమానాలు వరుసగా నిలబడి ఉన్నాయి, నడిపేవాళ్లు లేరు.

పెట్రోలు సంగతి ఇంకా ఘోరం. 1944 మేలో లోయ్నా లాంటి కృత్రిమ ఇంధన ఫ్యాక్టరీల మీద దాడులు మొదలయ్యాయి. ఏప్రిల్‌లో 1,75,000 టన్నులున్న విమాన ఇంధన ఉత్పత్తి జులైకి 30,000 టన్నులకు, సెప్టెంబర్‌కు 5,000 టన్నులకు పడిపోయింది. 1944 వేసవి తర్వాత మీరు పెట్టే ఏ మలుపైనా ఈ అంకెల ముందు ఆగిపోతుంది.

కాబట్టి ‘1942లో శిక్షణ బడులను ఎవరూ ముట్టుకోకూడదు’ అని ఒక ఉత్తర్వు మీ కథలో పెడితే, దాని ఫలితం ఏ కొత్త జెట్ కన్నా పెద్దది. రాయడం మాత్రం కష్టం. విమానం బొమ్మ ఉండదు, వేగం అంకెలు ఉండవు, గడ్డం కూడా సరిగా రాని కుర్రాళ్లు, విసిగిపోయిన శిక్షకులు ఉంటారు. పెద్ద నవల రాసే ఓపిక ఉన్నవారికి నేనిచ్చే మొదటి సలహా ఇదే.

నేనైతే ఎంచుకునేది: ఫోకె-వుల్ఫ్ 187

ఒకే విమానంతో, ఒకే నిర్ణయంతో, 1940 వేసవిని నిజంగా కదిలించాలంటే నా ఓటు దీనికే. ఇది కూడా టాంక్ బృందానిదే: ఒకే సీటు, రెండు ఇంజిన్లు, ఎక్కువ దూరం. 1937లో తొలిసారి ఎగిరినప్పుడు దీనికున్నవి అప్పటి 109లో వాడే యూమో 210 ఇంజిన్లే. అయినా 109 కన్నా గంటకు సుమారు 80 కిలోమీటర్లు వేగంగా పోయింది. కాక్‌పిట్ ఎంత ఇరుకంటే, కొన్ని మీటర్లను ఇంజిన్ల తొడుగుల మీద బయటే బిగించారు. పైలట్ పక్కకు చూసి చదువుకోవాలి.

మంత్రిత్వ శాఖ వాదన వేరు. జంట ఇంజిన్ల ఫైటర్‌లో వెనక కాల్చడానికి రెండో మనిషి ఉండాల్సిందేనని పట్టుబట్టారు. టాంక్ రెండు సీట్ల రూపం కూడా చేసి ఇచ్చాడు. చివరికి మొత్తం తొమ్మిదే తయారయ్యాయి. ఆ స్థానం 110కి దక్కింది. బ్రిటన్ మీది పోరులో దాని పరిస్థితి తెలిసిందే: 1940 ఆగస్టు 15న నార్వేలోని స్టావాంగర్ నుంచి బాంబర్లకు తోడుగా ఉత్తర ఇంగ్లండ్ వెళ్లిన 110లలో మూడో వంతు తిరిగి రాలేదు. దక్షిణాన 109లు కాపాడితే తప్ప 110లు బతకలేని స్థితి. ఆ 109లకు లండన్ మీద పోరాడడానికి మిగిలే పెట్రోలు పది నిమిషాలకే.

ఇప్పుడు లెక్క చూడండి. 110కి రెండు డైమ్లర్-బెంజ్ 601లు కావాలి. 187కీ రెండే కావాలి. ఒక 110 ఆపితే ఒక 187 వస్తుంది, 109కు ఇచ్చే వాటాలో ఒక్కటీ తగ్గదు. 603తో 190 మలుపులాగే ఇది కూడా ఇంజిన్ విషయంలో అప్పు చేయదు. మలుపు తేదీ 1938 మొదట్లో పెట్టండి. రెండో సీటు షరతును ఉడెట్ పక్కన పెడితే చాలు. స్వయంగా ఫైటర్ పైలట్ అయిన మనిషి కాబట్టి పాఠకుడు నమ్ముతాడు.

1940 వేసవిలో ఏం మారుతుంది? చిన్న వలయంలో తిరిగి పోరాడాల్సి వస్తే స్పిట్‌ఫైర్‌దే పైచేయి. 187 పైనుంచి దూకి కాల్చి మళ్లీ పైకి పోవాలి. అసలు తేడా దూరంలో ఉంది. దెబ్బ తగిలినప్పుడు లండన్‌కు ఉత్తరాన ఉన్న స్థావరాలకు జరిగి సేద తీరే వెసులుబాటు బ్రిటిష్ ఫైటర్ దళానికి ఉండేది. తోడు ఫైటర్లు అక్కడిదాకా వస్తే అది సన్నబడుతుంది. అయినా రాడార్ గొలుసు, బ్రిటిష్ ఫైటర్ దళాధిపతి హ్యూ డౌడింగ్ కట్టిన నియంత్రణ వ్యవస్థ, బ్రిటిష్ ఫ్యాక్టరీల ఉత్పత్తి అలాగే ఉంటాయి. బ్రిటన్ లొంగిపోయిందని రాయకండి. ఇంకా ఎక్కువ నష్టపోయి నిలబడిందని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. బ్రిటన్ కూడా ఇలాంటిదే, వెస్ట్‌లాండ్ వర్ల్‌విండ్, తయారు చేసింది. పెరెగ్రిన్ ఇంజిన్ ఆగిపోవడంతో అదీ వంద పైచిలుకు దగ్గరే ఆగింది. మీ కథలో బ్రిటన్ ఏం బదులు చెబుతుందో తెలియనప్పుడు అక్కడ వెతకండి.

ఈ మలుపుకు ధర 1943లో చెల్లించాల్సి వస్తుంది, నేను దీన్ని ఎంచుకోవడానికి అదే ముఖ్య కారణం. పగలు ఓడిన 110 రాత్రి పూట బ్రిటిష్ బాంబర్లకు యముడైంది. లిష్టెన్‌స్టైన్ రాడార్, దాన్ని చూసే ఆపరేటర్, ఇంకో మనిషి, పైకి కాల్చే ఫిరంగులు, అన్నీ దాని విశాలమైన బాడీలో పట్టాయి. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ దాడిలో బ్రిటన్ 95 బాంబర్లు కోల్పోవడంలో 110ల పాత్ర పెద్దది. మీటర్లకే చోటు లేని 187లో రాడార్ ఎక్కడ పెడతారు? రాత్రి ఫైటర్ల కోసం యుంకర్స్ 88లను ఇంకా ముందే, ఇంకా ఎక్కువగా బాంబర్ దళాల నుంచి లాగాలి. ఆ బాంబర్ల అవసరం అప్పుడు రష్యా వైపు, మధ్యధరా వైపు కూడా ఉంది. కాబట్టి 1938లో సంతకం మార్చాక మీరు రాయాల్సిన రెండో అధ్యాయం 1942 నాటి జర్మన్ రాత్రి ఫైటర్ల అధిపతి జోసెఫ్ కాంహూబర్ కార్యాలయంలో మొదలవుతుంది: చేతిలో 110లు లేవు, రాత్రుళ్లు బ్రిటిష్ లాంకాస్టర్ బాంబర్లు వస్తున్నాయి, ఏ యుద్ధరంగం నుంచి ఎన్ని 88లు వెనక్కి తేవాలో ఆయన తేల్చాలి.